పని దొరకని గ్రాఫిక్స్ కార్డు

పని చేయక కూర్చున్నవానిని చూచినప్పుడు లోకం రెండే మాటలంటుంది: వాడు సోమరి, లేదా రోగి. చేతికి పని అందక కూర్చున్నాడేమో అన్న మూడవ మాట ఎవరికీ వెంటనే తోచదు. యంత్రాల పట్ల కూడా లోకం తీరు ఇదే. గడచిన వేసవిలో బొల్లారంలోని ఒక ఇంట్లో, ఒక పాత కంప్యూటర్ విషయంలో, మేము ఈ సంగతిని రూపాయల లెక్కతో సహా చూచాము. మా వలెనే పాత కంప్యూటర్లతో నెట్టుకొస్తున్న విద్యార్థి సోదర సోదరీమణులకు ఉపకరించగలదన్న ఆశతో ఆ వృత్తాంతాన్ని ఇక్కడ వ్రాస్తున్నాము.

మేము ముగ్గురము. ఇద్దరిది బొల్లారంలోని రిసాలా బజారు, ఒకరిది అల్వాల్. రిసాలా అంటే ఆశ్విక దళం. కంటోన్మెంటు తొలినాళ్ళ గుర్రపు దండు పేరు ఆ బజారుకు మిగిలిపోయింది. ఉర్దూలో అదే మాటకు పత్రిక అనే అర్థమూ ఉన్నది కనుక, రిసాలా బజారువారు రిసాలాకు వ్రాయడంలో వింతేమున్నదని మా ఉర్దూ విభాగపు మిత్రులు హాస్యమాడుతుంటారు. మాలో ఒకరి అక్కగారిని ముగ్గురమూ ఆపా అనే పిలుస్తాము. కంప్యూటర్ ఆమెది. పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన సొమ్ముతో, ఏదో కార్యాలయం వదిలించుకున్న పాత యంత్రాన్ని ఆమె కొన్నది. అందులో ఉన్నది ఇంటెల్ వారి కోర్ ఐ5-4570 అనే ప్రాసెసర్. అది 2013 నాటి సరుకు. దానికి 8 జీబీ ర్యామ్. తర్వాత 7,500 రూపాయలు పెట్టి, ఒకరు వాడిన జీఫోర్స్ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డును అమర్చుకున్నది. ఇది 2019లో వచ్చిన కార్డు. 75 వాట్లకు మించి అడగదు కాబట్టి కార్యాలయాల పాత పెట్టెలలో పెద్ద పవర్ సప్లై లేకుండానే ఇమిడిపోతుంది. పేదవాని గ్రాఫిక్స్ కార్డు అని దానికి మేము పెట్టిన పేరు.

ఆపా దానిని కొన్నది ఆటల కోసం కాదు. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మూడు నిమిషాల యానిమేషన్ చిత్రాన్ని ఆమె తన చివరి యేటి ప్రాజెక్టుగా తయారు చేస్తున్నది. ఆదివారం సాయంత్రాలు మాత్రం యంత్రం మాకు దక్కేది. ఆ సమయంలో మేము ఆడేది గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5. దీని కథను పెద్దలు మెచ్చుకోరని మాకు తెలుసు. మేము ఆ నగరంలో కారు నడపడంతోనే తృప్తిపడేవాళ్ళమని మనవి. కంప్యూటర్ల కోసం 2015లో విడుదలైన ఆట అది. ఈ కార్డుకు అది పెద్ద బరువు కాకూడదు. అయినా తెరపై సెకనుకు 38 ఫ్రేములు దాటేవి కావు. జనం ఉన్న వీధిలోకి పోతే కారు జారుడు బండపై పోతున్నట్లు కాక, మెట్లు దిగుతున్నట్లు పోయేది. విచిత్రమేమంటే, ఆ సమయంలో గ్రాఫిక్స్ కార్డు వినియోగం 45 శాతం వద్దనే నిలిచి ఉండేది. బ్లెండర్‌లో ఆపా తన బొమ్మలను ఆడించి చూసుకొనేటప్పుడు కూడా అదే ఈడ్పు.

కార్డు సగం శక్తి కూడా వాడటం లేదు, ఆట మాత్రం సాగడం లేదు. ఈ లక్షణాన్ని చెప్పి, కేబినెట్‌ను ఒడిలో పెట్టుకుని, బొల్లారం స్టేషన్‌లో ఎం.ఎం.టీ.ఎస్. ఎక్కి సికింద్రాబాద్‌లోని ఒక దుకాణానికి వెళ్ళాము. మేడ్చల్ మార్గంలో ఈ రైళ్ళు 2023 ఏప్రిల్‌లో మొదలైన తర్వాత మా వంటివారికి ఇటువంటి ప్రయాణాలు సులువైనవి. దుకాణం పేరు వ్రాయము. అక్కడివారు పది నిమిషాలు చూచి, "కార్డు ఖరాబైంది బేటా. సగమే పని చేస్తుంది. దీన్ని మాకిస్తే మూడు వేలు కడతాం, ఇంకో పద్నాలుగు వేలు వేసుకుంటే కొత్త కార్డు వస్తది" అన్నారు.

ఇంటికి వచ్చి ఆపాకు చెప్పాము. ఆమె వద్ద పద్నాలుగు వేలు ఉన్న మాట నిజం. అది పరీక్ష ఫీజుకూ, కాలేజీ బకాయికీ దాచిన సొమ్ము. ఆమె కాసేపు ఆలోచించి, "ముందు రోగమేదో నాకు చెప్పండి. మందు సంగతి తర్వాత చూద్దాం" అన్నది. వారం రోజుల గడువు కూడా ఇచ్చింది.

ఆ వారంలో మేము మొదట తేల్చవలసినది ఒక్కటే: కార్డు నిజంగా చెడినదా? ఇందుకు ఆపా ప్రాజెక్టే పనికి వచ్చింది. బ్లెండర్‌లో ఒక దృశ్యాన్ని సైకిల్స్ పద్ధతిలో కార్డుపైన రెండర్ చేయమని ఆదేశించాము. ఈ పనిలో ప్రాసెసర్ ఒకసారి దృశ్యాన్ని మొత్తం అప్పగించి తప్పుకుంటుంది. తర్వాతి భారమంతా కార్డుదే. ఎం.ఎస్.ఐ. ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత పరికరంలో చూస్తే వినియోగం 99 శాతానికి లేచి, రెండరింగ్ ముగిసేదాకా అక్కడే ఉన్నది. కార్డు వేడి 70 డిగ్రీలు దాటలేదు. బొమ్మలో ఒక్క మచ్చ లేదు. పని ఇస్తే మొత్తం శక్తితో చేయగల కార్డును సగం చచ్చినదని ఎట్లా అనగలము?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలెను. విండోస్‌లోని టాస్క్ మేనేజర్ 2017 చివరి నుండి గ్రాఫిక్స్ కార్డు వినియోగాన్ని చూపుతున్నది. కాని అది కార్డును భాగాలుగా విడదీసి చూపుతుంది: 3డీ, కాపీ, వీడియో డీకోడ్ అని వేర్వేరు గీతలు. రెండరింగ్ పని ఈ 3డీ గీతలో కనిపించకపోవచ్చు. పై వరుసలో నొక్కి కూడా అన్న గీతను ఎంచుకోవలెను. ఈ సంగతి తెలియనివారు, మండుతున్న కార్డును చూచి కూడా ఇది నిద్రపోతున్నదని అనగలరు.

బొల్లారానికి కొద్ది మైళ్ళ దూరంలోని బేగంపేటలో 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచాడు. మలేరియా అన్న పేరుకు చెడు గాలి అని అర్థం. అన్ని శతాబ్దాల పాటు జ్వరానికి గాలిని నిందించినవారికి గాలి కళ్ళెదుట ఉన్నది, దోమ కడుపు లేదు. మా పనిని ఆ మహత్కార్యంతో పోల్చే సాహసం చేయము గాని, కనిపించినదానిని నిందించడం ఎంత సులువో మాత్రం ఆ సంఘటన గుర్తు చేస్తుంది.

కార్డు బాగున్నదంటే అది దేనికోసమో ఎదురు చూస్తున్నదని అర్థం. దేనికోసం? ఒక ఫ్రేము తయారయ్యే విధం చెబితే ఇది బోధపడుతుంది. ఇల్లు కట్టే చోట మేస్త్రీ గోడ పెడతాడు, కూలీ ఇటుకలూ మాలూ అందిస్తాడు. కంప్యూటర్‌లో మేస్త్రీ గ్రాఫిక్స్ కార్డు, కూలీ ప్రాసెసర్. వీధిలోని ప్రతి మనిషి ఎటు నడవాలో, ఏ కారు ఎక్కడ మలుపు తిరగాలో లెక్క కట్టి, ఏ వస్తువును ఎక్కడ గీయాలో జాబితా వ్రాసి అందించేది ప్రాసెసర్. జాబితా అందిన తర్వాతనే కార్డు రంగులు పూయగలదు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కొక్క ఫ్రేముకు దొరికే గడువు 16.7 మిల్లీ సెకన్లు. మాకు వస్తున్నవి 38. అంటే ఒక్కొక్కటి సుమారు 26 మిల్లీ సెకన్లు తీసుకుంటున్నది. అందులో కార్డు 45 శాతమే, అంటే 12 మిల్లీ సెకన్లు పని చేసి, మిగిలిన 14 మిల్లీ సెకన్లు చేతులు కట్టుకుని నిలబడుతున్నది. ఇటుకలు వెంటవెంటనే అందితే ఇదే మేస్త్రీ సెకనుకు ఇంచుమించు 84 ఫ్రేములు కట్టగలడు. పద్నాలుగు వేలు పోసి ఇంతకన్నా వేగమైన మేస్త్రీని తెస్తే ఏమగును? అతడు 14కు బదులు 20 మిల్లీ సెకన్లు నిలబడతాడు. ఫ్రేములు మాత్రం 38 దాటవు.

ఈ లెక్కను రూపాయి ఖర్చు లేకుండా పరీక్షించే మార్గం ఒకటున్నది. ఆటలో తెర రిజల్యూషన్‌ను 1920 ఇంటూ 1080 నుండి 1280 ఇంటూ 720కి తగ్గించాము. చుక్కల సంఖ్య సగానికన్నా తక్కువైనది కనుక కార్డు పని కూడా అంతగా తగ్గుతుంది. ప్రాసెసర్ పని మాత్రం మారదు, ఎందుకంటే వీధిలో మనుషులు అంతమందే. ఫ్రేములు పెరిగితే దోషం కార్డుది. పెరగలేదు. 38 వద్దనే ఉన్నవి. కార్డు వినియోగం మాత్రం ఇంకా పడిపోయింది. అంతటితో మా అనుమానం రూఢి అయినది.

అయితే టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వినియోగం 52 శాతమే అని చూపుతున్నదే, కూలీ కూడా ఖాళీగానే ఉన్నాడు కదా అని మాలో ఒకరు ఆక్షేపించారు. ఆక్షేపణ సమంజసమైనదే. ఆ 52 శాతం సగటు. ఈ ప్రాసెసర్‌లో కోర్లు నాలుగు. గీతపై మౌస్ కుడి మీటను నొక్కి లాజికల్ ప్రాసెసర్లను విడివిడిగా చూపమంటే, ఒక కోరు పైకప్పును తాకుతూ, తక్కిన మూడూ సగానికి దిగువన తిరుగుతూ కనిపించినవి. నలుగురు కూలీలలో ఒక్కడే మోస్తున్నాడన్నమాట. పనిలో విభజించడానికి వీలుకాని భాగం ఎంతో, మొత్తం వేగానికి అదే హద్దు అవుతుందని 1967లోనే జీన్ ఆమ్‌డాల్ అనే అమెరికన్ ఇంజనీరు చెప్పాడు. నూటికి అయిదు వంతుల పని విభజనకు లొంగకపోతే, వేయి కోర్లు పెట్టినా వేగం ఇరవై రెట్లకు మించదు. 2015లో వచ్చిన డైరెక్ట్ ఎక్స్ 12, 2016లో వచ్చిన వల్కన్ ఈ జాబితా వ్రాసే పనిని అనేక కోర్లకు పంచే వీలు కల్పించినవి. పాత ఆటలకు ఆ భాగ్యం లేదు.

ఇప్పుడు ఆ ఒక్క కోరు ఎందుకంత మెల్లగా నడుస్తున్నదో చూడవలసి వచ్చింది. 3.2 గిగాహెర్ట్జ్ కనీస వేగంగా అమ్మిన ప్రాసెసర్ ఇది. ఆట మొదలైన అయిదు నిమిషాలకు టాస్క్ మేనేజర్‌లో వేగం 2.2కు పడిపోయి కనిపించింది. హెచ్‌డబ్ల్యు ఇన్ఫో అనే మరొక ఉచిత పరికరం దాని వేడిని 98 డిగ్రీలుగా చూపింది. 100 డిగ్రీల వద్ద కాలిపోకుండా తనను తాను కాపాడుకొనేందుకు ఈ ప్రాసెసర్ వేగాన్ని తగ్గించుకుంటుంది. బొల్లారం మే నెల ఎండ ఒక వంక, పెట్టెలోపలి ధూళి మరొక వంక. మూత విప్పితే పంకా కింద అల్యూమినియం రెక్కల మధ్య దుమ్ము నమదా వలె పేరుకుని ఉన్నది. గాలి పోయే సందు లేదు. ప్రాసెసర్‌కూ ఆ రెక్కల దిమ్మెకూ మధ్య ఉండవలసిన థర్మల్ పేస్టు ఎండి సుద్దపొడి అయినది.

శుభ్రం చేయడం కష్టమైన విద్య కాదు. ప్లగ్గు తీసివేయవలెను. పంకా తిరగకుండా వేలితో ఆపి, మెత్తని కుంచెతో దుమ్ము దులపవలెను. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో తుడిచి, కొత్త పేస్టును బియ్యపు గింజంత నడుమ పెట్టి దిమ్మెను సమంగా బిగించవలెను. ఎక్కువ పెడితే మేలు జరుగుతుందని కొందరనుకుంటారు. అది తలనూనె కాదు. పేస్టు ధర 150 రూపాయలు. కుంచె ఆపా రంగుల పెట్టెలోనిది. ఆ సాయంత్రమే వేడి 71 డిగ్రీలకు దిగింది, వేగం 3.2కు పైనే నిలిచింది. ఫ్రేములు 51. కార్డు వినియోగం 60 శాతం. కార్డును మేము తాకనైనా లేదు.

ఒకటి మార్చిన తర్వాత కొలిచి, కాగితంపై వ్రాసుకుని, అప్పుడే రెండవదానిని తాకవలెనన్నది ఆపా నియమం. ప్రయోగశాలలో రసాయనశాస్త్రం చదివిన ఫలితం కాబోలు. రెండవది ర్యామ్. యంత్రంలో 8 జీబీ ఒక్క కడ్డీగా ఉన్నది. ఈ తరం డీడీఆర్3 ర్యామ్ 1600 వేగం గలది; ఒక్క కడ్డీ ద్వారా సెకనుకు 12.8 గిగాబైట్లు పోగలవు. రెండు కడ్డీలను జతగా సరైన గాడులలో పెడితే దారులు రెండై 25.6 గిగాబైట్లు అవుతుంది. పైగా ఆట, బ్రౌజర్, విండోస్ కలిసి ఉన్న 8 జీబీని నింపి హార్డ్ డిస్కుపై పడుతుండటం మేము గమనించాము. మధ్య మధ్య చప్పున ఆగిపోవడానికి అదే మూలం. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళి, వాడిన 8 జీబీ కడ్డీని 700 రూపాయలకు తెచ్చాము. ఫ్రేములు 60, కార్డు వినియోగం 71 శాతం. ఆ ఆగిపోవడం పూర్తిగా పోయింది. మొత్తం ఖర్చు 850 రూపాయలు.

మూడవ మెట్టుకు ఖర్చే లేదు. ఆట సెట్టింగులలో ప్రాసెసర్‌పై పడేవి కొన్ని, కార్డుపై పడేవి కొన్ని. వీధిలో జనసాంద్రత, ఎంత దూరం వరకు వస్తువులు కనిపించాలన్న కొలత ప్రాసెసర్ భారాన్ని పెంచుతాయి. రిజల్యూషన్, అంచుల నునుపు, నీడల మెత్తదనం ప్రధానంగా కార్డు భారం. జనసాంద్రతను కొంత తగ్గించగానే ఫ్రేములు 66 అయినవి. అప్పుడు, చూచేవారికి తలకిందులుగా తోచే పని చేశాము: బొమ్మ నాణ్యతను పెంచాము. ఖాళీగా ఉన్న కార్డు ఆ బరువును మోసింది. వినియోగం 95 శాతానికి చేరినా ఫ్రేములు 62కు దిగువకు రాలేదు. టెక్స్‌చర్లను మాత్రం ఆట చూపే మెమరీ కొలతకు లోబడి ఉంచాము. ఈ కార్డులోని 4 జీబీ నిండితే మిగిలినది ర్యామ్‌లోకి పొర్లి, ఇరుకైన దారిలో వచ్చిపోతూ మళ్ళీ కార్డును నిలబెట్టేస్తుంది.

సంగతి తెలిసి మా తరగతి మిత్రులు కొందరు తమ యంత్రాలను కూడా చూపించారు. అన్నింటికీ ఒకే మందు లేదు. ఒకరు మానిటర్ తీగను కార్డుకు కాక మదర్‌బోర్డుకు తగిలించారు. కార్డు పెళ్ళికి పిలవని చుట్టం వలె కూర్చుని ఉన్నది. తీగ మార్చడానికి అర నిమిషం పట్టింది. లాప్‌టాప్ గల ఒక సోదరి చార్జర్ లేకుండా ఆడుతున్నది. బ్యాటరీపై ఉన్నప్పుడు చాలా లాప్‌టాప్‌లు కార్డుకు పూర్తి విద్యుత్తు ఇవ్వవు. అదే యంత్రంలో ఆట పెద్ద కార్డును వదిలి ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్‌పై నడుస్తున్నది. విండోస్ సెట్టింగులలో డిస్‌ప్లే, అందులో గ్రాఫిక్స్ అన్న చోట ఆ ఆటకు హై పర్ఫార్మెన్స్ ఎంచుకోగా సరిపోయింది. మరొకరి కార్డు వినియోగం 50 శాతమే అయినా ఫ్రేములు కచ్చితంగా 60. ఆయన మానిటర్ సెకనుకు 60 సార్లు మారేది, వీసింక్ ఆ హద్దును పాటిస్తున్నది. ఇది రోగం కాదు, పని ముగించి విశ్రాంతి తీసుకోవడం. చల్లగా ఉంటుంది, కరెంటు కూడా మిగులుతుంది. ఆయనకు నచ్చజెప్పడమే అన్నింటికన్నా కష్టమైనది.

కళాశాల పాలకవర్గంవారికి ఇక్కడ ఒక విన్నపం. ప్రయోగశాలలో యానిమేషన్ నేర్పే ఆలోచన ఉన్నదనీ, అందుకు గ్రాఫిక్స్ కార్డులు కొనవలసి రావచ్చుననీ విన్నాము. మిక్కిలి సంతోషం. కొనుగోలుకు ముందు ప్రతి యంత్రంలో ర్యామ్ ఒక కడ్డీయా రెండా, ఆట గాని రెండరింగ్ గాని నడుస్తుండగా ప్రాసెసర్ వేడి ఎంత, ఏ కోరు నిండుతున్నది అన్న మూడు అంకెలను ఒక పట్టికలో వ్రాయించగలరని ప్రార్థన. ఒక్కొక్క యంత్రానికి పావుగంట చాలును. ఆ పని మేము ముగ్గురము ఉచితంగా చేసి పెడతాము. కుంచె కూడా మాదే.

ఇక ఆపా యంత్రం సంగతి. జనం కిక్కిరిసిన కూడలిలో ఇప్పటికీ ఫ్రేములు 47కు పడిపోతున్నవి, ఒక కోరు నిండుతున్నది. ఇంతకు మించి దుమ్ము దులిపి సాధించేది లేదు. అదే గాడిలో అమరే కోర్ ఐ7-4770, నాలుగు కోర్లపై ఎనిమిది పనులను నడపగలది, వాడిన సరుకుగా నాలుగు వేల పైచిలుకు చెబుతున్నారు. కొందామా అని అడిగితే ఆమె ఫీజు రసీదు చూపించి, మూడు నిమిషాల చిత్రంలో ఇంకా నలభై సెకన్లు రెండర్ కావలసి ఉన్నదని, అది ముగిసేదాకా యంత్రాన్ని ఎవరూ ముట్టుకోవద్దని చెప్పింది. ఆదివారాలు కూడా పోయినవి. రాత్రింబవళ్ళు కార్డు 99 శాతంతో నడుస్తున్నది.